కాటా కొక్కెం

మొన్న అంగన్‌వాడీలో మా పాపను తూచడానికి కాటాకు తగిలించారు. కొక్కెం కిర్రుమనగానే నా ఒళ్లు జలదరించింది.

నా చిన్నప్పుడు మా నాన్న ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువుకు కాపలా ఉండేవాడు. అక్కడ కాటాకెక్కిందల్లా ఐసులో పడి, లారీలో వెళ్లిపోయేది. ఏదీ తిరిగి రావడం నేను చూడలేదు. అలాంటి కాటాకే ఒకరోజు అంగన్‌వాడీ టీచరుగారు నన్ను సంచీలాంటి ఊయలలో కూర్చోబెట్టి వేలాడదీశారు. కాళ్లకు నేల అందలేదు. భయంతో ఏడుపు కూడా రాలేదు.

“బరువు చాల్లేదండీ. రేపట్నుంచి ఇంకో గుడ్డు పెడతాను” అన్నారావిడ, మా అమ్మతో.

“ఆయ్, అలాగేనండీ” అంది అమ్మ.

రొయ్యలు కొనే షావుకారూ ఇంతే. బరువు చాలకపోతే మేత పెంచమని చెప్పి వెళ్లేవాడు, తర్వాత లారీతో వచ్చేవాడు. అమ్మ కూడా ఒప్పేసుకుంది! మర్నాటి నుంచి టీచరుగారు గుడ్డు తినిపించబోతే పళ్లు బిగించి, లారీ చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చునేవాణ్ణి.

తూచిన రోజు ఊయల కింద ఆవిడ రెండు చేతులూ నాకు తగలకుండా చాచి ఉన్నాయి. పట్టుకుని లారీలో వేయడానికే అనుకున్నాను. మొన్న పాప గాల్లో ఊగుతుంటే, చూసుకునేసరికి నా చేతులూ అలాగే దాని కింద ఉన్నాయి.