జగ్గమ్మ గ్రైండరుకు పూచీ

జగ్గమ్మ ఇల్లు మారడానికి ఇన్సూరెన్సు కట్టిందంటే గార్డెన్ రీచ్ రేవు క్వార్టర్ల తెలుగు లైన్లలో నవ్వనివాళ్లు లేరు. నాలుగు తప్పేలాలు, రెండు ట్రంకుపెట్టెలు, ఓ మంచం, వీటికి ఇన్సూరెన్సా అని పక్కింటి నరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. ఆ నరసమ్మే కిందటేడు ఇల్లు మారినప్పుడు, యూనియన్ కూలీలు అద్దాల బీరువాని మెట్ల మీద వదిలేస్తే అన్నం మానేసి ఏడ్చింది. అడగబోతే తప్పు మా చేతులది కాదు, మీ మెట్లది అన్నారు వాళ్లు. జగ్గమ్మ అదంతా చూసింది. చూసి ఊరుకునే రకం కాదు.

ఆమెకి తప్పేలాల బెంగ లేదు. బెంగంతా గ్రైండరు మీద. శ్రీకాకుళం నుంచి కాపరానికి వచ్చిన కొత్తలోనే రేవు గేటు పక్కన ఇడ్లీల బండి పెట్టింది. ఏళ్ల తరబడి రోట్లో రుబ్బింది. కుడి భుజం పట్టేసి, చెయ్యెత్తి జడ కూడా వేసుకోలేని స్థితి వచ్చాక, చీటీ పాడి ఈ రాతి గ్రైండరు తెప్పించుకుంది. తెలుగువాళ్లూ బెంగాలీలూ బీహారీలూ పొద్దుటి షిఫ్టుకి ఆమె ఇడ్లీలు తినే వెళ్లేవారు.

మొగుడు అప్పలసూరి రేవులో పని చేసి రిటైరయ్యాడు. పెన్షను ఇంకా రాలేదుగానీ క్వార్టరు మాత్రం నెలాఖరుకి ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. ఇవ్వడానికి లేని తొందర పుచ్చుకోవడానికి ఉంటుంది ఏ ఆఫీసుకైనా. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక గది దొరికింది. అక్కడికి చేరేలోపు రాయి పగిలితే మళ్లీ రుబ్బడానికి జగ్గమ్మకి భుజం లేదు, పెన్షను వచ్చేదాకా ఇద్దరికీ వేరే కూడు లేదు.

లారీ కంపెనీ గుమాస్తా రఘురాం, విజయవాడ వైపువాడు, రాయి పగిలితే మొత్తం ఖరీదు ఇస్తామని చెప్పి ఇన్సూరెన్సు రాశాడు. షరతు ఒక్కటే. ఎత్తడం దించడం కంపెనీ మనుషులే చెయ్యాలి, బయటి చెయ్యి పడితే చెల్లదు. జగ్గమ్మ ఆ ముక్క మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

తీరా ఆ రోజు రఘురాం తన మనుషులతో లారీ తెచ్చేసరికి దాని వెనకే ఎర్రజెండాతో, కూలీలతో మృత్యుంజయ కూడా వచ్చాడు. ఆ పేటలో సామాను మోసే కూలీల యూనియన్‌కి ఆయనే పెద్ద. అక్కడ గడ్డిపరక కదలాలన్నా ఆయన మనుషులే కదపాలి. రోజూ జగ్గమ్మ ఇడ్లీలు తినే మనిషే. బౌది, బౌది అని బెంగాలీలో వదినని పిలిచినట్టు పిలిచి నవ్వుతూనే, బయటివాళ్లు చెయ్యి వేస్తే మావాళ్ల కడుపు కొట్టినట్టే అన్నాడు. ఆ మాట అబద్ధమేమీ కాదు. జగ్గమ్మ కూడా కాదనలేదు. మీవాళ్లనే మొయ్యమను, పగిలితే మీరే ఇచ్చుకుంటామని రాసి సంతకం పెట్టు అంది. అలాంటివి యూనియన్ రాయదు అన్నాడాయన. రఘురాంని అడిగితే, వీళ్ల చెయ్యి పడితే మా కాగితం చెల్లదు అన్నాడు. జగ్గమ్మ అడకత్తెరలో పోకచెక్క అయింది.

ఆ మగాళ్లిద్దరూ పోయి టీ తాగి రాజీ కుదుర్చుకొచ్చారు. యూనియన్ వాళ్లు మోస్తారు. సామాను క్షేమంగా ముట్టిందని జగ్గమ్మ ఇప్పుడే, ఇక్కడే సంతకం పెట్టాలి. అలా అయితే ఎవరికీ ఇబ్బంది ఉండదట. ఆ ‘ఎవరికీ’లో జగ్గమ్మ లేదని వేరే చెప్పాలా?

“సంతకం ఎట్టీయే. మనోళ్లే కదా. జెండా ముందర గొడవేటి?” అన్నాడు అప్పలసూరి. బతుకంతా ఆ జెండా పట్టుకున్నవాడు.

జగ్గమ్మ వచ్చి అతని ఎడమచెయ్యి పట్టుకుంది. ఆ చేతికి రెండు వేళ్లు లేవు. వయసులో, ఇంకా కంట్రాక్టరు కింద ఉన్న రోజుల్లో, క్రేను గొలుసు కింద పడి పోయాయి.

“నీ సెయ్యి నలిగిన్నాడు రేవోళ్లు ఏటన్నారు? క్రేను మాదే గానీ మడిసి మావోడు కాదన్నారు. కంట్రాక్టరు ఏటన్నాడు? మడిసి నావోడే గానీ క్రేను నాది కాదన్నాడు. ఇద్దరి మజ్జినా నీ సేతికి పూచీ ఎవుడూ పడనేదు. ఇయ్యాల నా రాయికీ అదే కత సెప్తన్నారు. నాను సంతకం ఎట్టను.”

అని వెళ్లి గ్రైండరు ముందు గడపలో కూర్చుంది.

అప్పలసూరి కాసేపు ఆ చెయ్యి చూసుకున్నాడు. తరవాత తువ్వాలు దులిపి, వెళ్లి సందు మొగలో బైఠాయించాడు. ఘెరావ్ ఎలా చెయ్యాలో అతనికి ఒకరు నేర్పక్కర్లేదు. కొంగు నోట్లో కుక్కుకున్న నరసమ్మ ఆ కొంగే బిగించి పక్కన చేరింది. వెనకే లైన్లలో ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. ఊళ్లో ఆఫీసర్లందరినీ ఘెరావ్ చేసిన మృత్యుంజయ ఇప్పుడు తనే మధ్యలో నిలబడ్డాడు. రఘురాంకి కూర్చోవడానికి పీట ఇచ్చారు, తాగడానికి మంచినీళ్లు ఇచ్చారు, దారి మాత్రం ఇవ్వలేదు. ఎండ నెత్తికెక్కింది. కూలీలు జెండా గోడకి ఆనించి నీడకి చేరారు. రాయి పగిలితే పోయే రేపటి ఇడ్లీ వాళ్లదీను.

ఇది యూనియన్‌కి ఎదురు తిరగడమే అని మృత్యుంజయ గద్దించాడు.

“యూనియన్ అంటేనే పూచీ కద దాదా. నా రాయికి పూచీ పడనోడివి, నా కడుపుకేటి పడతావు?” అంది జగ్గమ్మ గడపలోంచే.

ఆ మాటకి నీడలో ఉన్న కూలీలు తలలు దించుకున్నారు. మృత్యుంజయ వాళ్లవైపు ఓసారి చూసి, రఘురాం జేబులోంచి పెన్ను లాక్కుని, గ్రైండరు పగిలితే ఖరీదు యూనియనే ఇస్తుందని బెంగాలీలో రాసి సంతకం గీకాడు. గోడల మీది నినాదాలు చదివి చదివి ఆ లిపి నేర్చుకున్న అప్పలసూరి దాన్ని పైకి చదివి, సరే అన్నాడు. కట్టిన ఇన్సూరెన్సు వాపసు ఇస్తామని రఘురాం కూడా రాసిచ్చాకే ఆడవాళ్లు లేచారు.

నరసమ్మ బీరువాని వదిలేసిన చేతులే ఆ రాయిని బాలింతని దించినట్టు దించాయి. ఏక్‌బాల్‌పూర్ గదిలో దింపాక కూడా జగ్గమ్మ వాళ్లని పోనివ్వలేదు. ముందే నానబోసి తెచ్చిన పప్పు వేసి మిషను తిప్పింది. రాయి ఎప్పటిలాగే తిరిగింది. మృత్యుంజయ చెమట తుడుచుకుని, ఇక ఆ కాగితంతో నీకు పనేముంది, ఇచ్చెయ్ అని చెయ్యి చాపాడు. రేపు ప్రతి ఇల్లూ ఇలాంటిదే అడుగుతుందని ఆయన భయం.

జగ్గమ్మ కాగితం మడిచి రవికలో పెట్టుకుంది.

“ఇవ్వను దాదా. ఇన్నేళ్లు ఈ ఊరికి సాకిరీ సేసినాం. మీకు పూచీ నానని ఒకడు రాసిచ్చిన కాయితం మాకు ఇదొక్కటే.”