రేకుడబ్బాలో మిగిలిన ముక్క

మా ఇంగ్లీషు సారు మొన్న ప్రొద్దుటూరులో చనిపోయారు. ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. మా నాయనను చంపినవాళ్లను చూసిన మనిషి, నోరు తెరిస్తే చెప్పగలిగిన మనిషి, ఇంక లేడన్నదే ముందు తోచింది. చదివేవాళ్లకు ఇది కటువుగా ఉండొచ్చు. జరిగిందే రాస్తున్నాను.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. హైస్కూల్లో రెండు పార్టీల పిల్లలం రెండు వైపుల బెంచీల్లో కూర్చునేవాళ్లం. అట్లా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. సారు రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చేవారు.

రిలేటివ్ క్లాజులు, అంటే 'ఫలానా పని చేసే మనిషి' లాంటివి, చెప్పడానికి ఆయన పద్ధతి వేరు. ఎన్నికల తరువాత మిగిలిన కరపత్రాలు ఏరుకొచ్చి, ఒక పార్టీ కాగితానికి ఇంకో పార్టీ కాగితాన్ని మైదాపిండితో అతికించేవారు. అచ్చు వైపు లోపలికి, తెల్ల వైపు బయటికి. లేకుంటే ముక్క చేతికి రాగానే ఇది ఎవరిదని తిప్పి చూసి కొట్టుకునేవాళ్లం. ఆ ముక్కల మీద ఇంగ్లీషులో సగం సగం వాక్యాలు రాసి రేకుడబ్బాలో వేసేవారు. ఒక వైపు వాళ్లు మనిషి ఉన్న ముక్క తీయాలి. రెండో వైపు వాళ్లు ఆ మనిషి ఏం చేస్తాడో చెప్పే ముక్క తీయాలి. రెండూ కలిపి అందరం చదవాలి.

ఒకసారి 'మా ఊరి టైలరు'కు 'రెండు పూటలా పాలిచ్చే' అన్న ముక్క తగిలింది. టైలరు మేనల్లుడు లేచి, "ఏంది సార్, ఇంక మా మామ కాడికి చెంబు తీసుకొని పోవాల్నా?" అన్నాడు. రెండు వైపులా నవ్వాము.

"పేరు చెప్పొద్దు. ఏం చేసినాడో చెప్పండి. మనిషి వాడే తెలుస్తాడు" అనేవారు సారు. మా ఊళ్లో పేరు చెబితే పార్టీ కూడా చెప్పినట్టే.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాయనను బస్టాపు దగ్గర చంపారు. పొద్దున బడి వేళ. సారు అప్పుడే బస్సు దిగారు. చూసినవాళ్లలో సాక్ష్యానికి ఒప్పుకున్నది ఆయన ఒక్కరే.

రెండేళ్లకు, నేను పదిలో ఉండగా, జమ్మలమడుగు కోర్టులో మాత్రం, "బ్యాగు సర్దుకుంటున్నాను. చూడలేదు" అన్నారు.

బయట మా అమ్మ ఆయనకు అడ్డం నిలబడింది. "యాడ చూడలేదు సార్? నీ కాళ్ల కాడ పడినాడు కదా మనిషి!"

సారు తల వంచుకొని వెళ్లిపోయారు. కేసు పోయింది. ఆయన కూతుళ్లిద్దరూ కాలేజీకి ఏ బస్సు ఎక్కుతారో ఎవరో ఆయనకు చెప్పి పోయారని మాకు తరువాత తెలిసింది.

నేను బడి మానేశాను. మరుసటి సోమవారం సారు మా వాకిట్లో నిలబడ్డారు. అమ్మ తలుపు వేసింది. తలుపు అవతలి నుంచే, "నన్ను తిట్టుకో పాపా. బడికి మాత్రం రా" అన్నారు. వారం రోజులు వచ్చారు. ఎనిమిదో రోజు అమ్మే నన్ను బయటికి తోసింది.

రేకుడబ్బా మళ్లీ తెరిచిన రోజు, ఎప్పుడూ ఉండే 'నేను చూసిన మనిషి' అన్న ముక్క అందులో లేదు. "ఆ ముక్క ఏదీ సార్?" అని ఎవరో అడిగారు. అవతలి బెంచీ నుంచి, "సారుకు కండ్లు కనపడవు కదప్పా!" అని ఒకడు అందుకున్నాడు. సారు ఏమీ రాయని బోర్డును చాలాసేపు తుడిచారు.

ఈరోజు వేంపల్లెలో నేను ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నానంటే ఆ ఏడు రోజులే కారణం. అది మరవలేను. కోర్టునూ మరవలేను. నేను ఆయన ఇంటికి ఎప్పుడు పోయినా, "రిలేటివ్ క్లాజులు ఎట్లా చెప్తాండావు పాపా?" అని అడిగేవారు. పోయిన నెల, జబ్బుతో పడుకున్న ఆయన మంచం పక్కన కూర్చొని, మొదటిసారి నేనే అడిగాను. "ఎవరు సార్?"

ఆయన నీళ్లు తెమ్మన్నారు. గ్లాసు రెండు చేతులతో పట్టుకొని నిదానంగా తాగారు. "ఈసారి వచ్చినప్పుడు చెప్తాలే."

మట్టి ఇచ్చి వచ్చాక ఆయన భార్య ఆ రేకుడబ్బా నాకిచ్చారు. "నీకియ్యమన్యాడమ్మా" అన్నారు. ఇంటికొచ్చి అన్నీ నేల మీద పరిచాను. డబ్బా అడుగున పరిచిన పేపరు కింద, 'నేను చూసిన మనిషి' ఉంది. దానికి జత కోసం ప్రతి ముక్కా రెండు సార్లు చూశాను. లేదు. లోపల ఏమైనా రాసిపెట్టారేమోనని ఆ ముక్కను పళ్లెంలో నీళ్లు పోసి నానబెట్టాను. మైదా కరిగింది. మెల్లగా విడదీశాను.

ఇద్దరు నాయకులు, ఒక్కో పార్టీ కాగితం మీద ఒకరు. చేతులు జోడించి, నా వైపు చూసి నవ్వుతున్నారు.