ఫ్రిజ్ మీది కాగితం

గత నెలలో ఒక మంగళవారం ఉదయం, మలేషియాలో సైబర్‌జయ ఆఫీసులో స్టాండప్ మీటింగులో ఉండగా అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య ప్రభువు దగ్గిరికెల్లిపోయినాడమ్మా. మొక్కలకి నీల్లు పోస్తా పోస్తా కూలబడిపోయినాడు." లాప్‌టాప్ మూసేసి క్లాంగ్ వైపు కారు తీశాను.

ఆయన నాకు చుట్టం కాదు. క్లాంగ్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి యజమాని; గది నాది, వంటిల్లు అందరిదీ. రబ్బరు తోటలో పుట్టి, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా రిటైరై, అరవై దాటాక కూడా కొండలెక్కడం మానని మనిషి. ఏడాదికి రెండుసార్లు, ఆరేడుగురిని వెంటేసుకుని, అడవిలో ఒక చెక్క గుడిసె నుంచి ఇంకో గుడిసెకి మూడు నాలుగు రోజులు నడిపించేవాడు. ఆ గుడిసెల్ని ఇక్కడ పొండోక్ అంటారు. వాటి మధ్య రోడ్డుండదు, ఫోన్ సిగ్నలుండదు.

భీమవరం నుంచి వచ్చిన కొత్తలో నేనూ వస్తానన్నాను. రావడమే కాదు, ప్లానంతా నేనే వేస్తానని ఎగబడ్డాను. రంగురంగుల ఎక్సెల్ షీటు చేసి చూపించాను: ఇన్ని కిలోమీటర్లు, గంటకి మూడు చొప్పున ఇన్ని గంటలు. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి పకపకా నవ్వాడు.

"ఏటమ్మా ఇది, హైవే అనుకున్నావేటి? కొండలో కిలోమీటర్లు నేవు లా. వానెప్పుడు పడతాది, ఏరెప్పుడు దాటాల, అదే లెక్క."

(మాట చివర లా తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు.) నాకు ఒళ్ళు మండింది. అయినా నేర్చుకున్నాను. అక్కడ మధ్యాహ్నం వాన పడితే ఏరు చూస్తుండగానే పొంగుతుంది. అందుకని పన్నెండు గంటలకల్లా ఏరు దాటి ఉండాలి, లేదంటే బయల్దేరిన పొండోక్‌కే వెనక్కి. బియ్యం ఒక రోజుకి ఎక్కువ పట్టుకెళ్ళాలి, సెలవూ ఒక రోజు ఎక్కువ పెట్టాలి. "నీకాఫీసు ఉందని ఏరు ఆగదు కదమ్మా" అనేవాడు. అటవీ శాఖ పర్మిట్టు చేతికి రానిదే, కొండ తెలిసిన గైడు సరేననందే సంచి సర్దనిచ్చేవాడు కాదు.

అన్నిటికన్నా ముఖ్యం కాగితం. బైబిలు చదవడానికి నేర్చుకున్న తెలుగు అక్షరాల్లో, పెద్దగా, ఎవరెవరు వెళ్తున్నారో, ఏ రోజు ఏ పొండోక్‌లో పడుకుంటారో, ఎప్పటికి రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసి ఫ్రిజ్ మీద అంటించేవాడు. తిరిగొచ్చాక బూట్లు విప్పకముందే ఎవరి పేరు వాళ్ళే కొట్టెయ్యాలి. ఇంకొకరి పేరు కొట్టేస్తే ఊరుకునేవాడు కాదు. అన్ని పేర్లూ కొట్టేశాకే అత్తయ్య టీ పెట్టేది.

ఇంకొకటి, పెరట్టు. తోటల్లో తెల్లవారుజామున కూలీలందర్నీ నిలబెట్టి పేర్లు పిలిచే హాజరది. పొండోక్ ముందు మమ్మల్నీ అలాగే వరసగా నిలబెట్టేవాడు. పేరు పిలవగానే కాళ్ళెలా ఉన్నాయో, నీళ్ళెన్ని ఉన్నాయో చెప్పాలి.

నా మొదటి ట్రిప్పు రెండో రోజు, మడమ మీద బొబ్బ చితికి రక్తం కారుతోంది. నా పేరు పిలిచాడు. ఆఫీసులో రోజూ చెప్పే మాటే నోట్లోంచి ఊడిపడింది: "నో ఇష్యూస్, మావయ్యా." నా వల్ల ఆలస్యమైందనిపించుకోవడం నాకు చచ్చేంత నామోషీ. గంట తిరక్కుండా కుంటడం మొదలెట్టాను. ఏటి దగ్గరికి చేరేసరికి ఒంటిగంట దాటింది, నీళ్ళు ఎర్రగా మారిపోయాయి. అందర్నీ వెనక్కి తిప్పాడు. పొండోక్‌లో నా కాలికి కట్టు కడుతూ అన్నాడు: "పెరట్టులో అబద్దం ఆడకమ్మా. నీ కాలు నీది కాదు, అందరిదీ."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఆఫీసులో కూడా ఆ "నో ఇష్యూస్" వాడటం మానేశాను.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆయన వెంట కొండకి వెళ్ళే మేం ఆరుగురం వంటింట్లో నిలబడ్డాం. మరో మూడు వారాల్లో ట్రిప్పు ఉంది, పర్మిట్టు వచ్చేసింది. మానేద్దామన్నారు కొందరు. అత్తయ్య ఫ్రిజ్ వైపు చూపించింది. కాగితం అప్పటికే రాసి పెట్టేశాడు. ఏడు పేర్లు, మొదటిది ఆయనది.

"రాసినాడు కదా. ఎల్లండి. జాగర్తగా రండి."

వెళ్ళాం. పెరట్టు నేనే పిలిచాను. ఎవరి కాళ్ళనీ వదల్లేదు, సాక్సులు విప్పించి మరీ చూశాను. రెండో రోజు పొద్దున్నుంచే వాన పట్టుకుంది. ఏటి దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర. నీళ్ళింకా మోకాళ్ళ దాకే ఉన్నాయి, అవతలి ఒడ్డు చేతికందేలా ఉంది. శిఖరం ఇంకొక్క రోజు.

"దాటేద్దాం. ఆయన కోసమైనా పైదాకా వెళ్ళాలి" అన్నాడు మాలో ఒకతను, ఏడుస్తూ. నాకూ ఏడుపొచ్చింది. దాటెయ్యాలని నాకెంత ఉందో దేవుడికే తెలుసు.

"వెనక్కి" అన్నాను. "ఆయనుంటే ఈపాటికే తిప్పేసేవాడు. పదండి."

గైడు తల ఊపి ముందు నడిచాడు. పావుగంట గడిచిందో లేదో, వెనక ఏరు హోరుమంది.

ఇంటికొచ్చి, బూట్లతోనే వంటింట్లోకి వెళ్ళి ఒక్కొక్కరం పేరు కొట్టేశాం. చివర నాది. పైన ఆయన పేరొక్కటే మిగిలింది. పెన్ను నా చేతిలోనే ఉండిపోయింది. అత్తయ్య పొయ్యి దగ్గర నుంచి చూసి, "ఉండనీ లా" అని టీ పెట్టింది.

వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం, అదే కొండకి. ఈసారి కాగితం నేను రాశాను. పాత కాగితం తియ్యలేదు, దాని పక్కనే అంటించాను. పాలకోసం ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా కనిపిస్తుంది: కొట్టేసిన ఆరు పేర్లూ, వాటి పైన గీత పడని ఆయన పేరూ.