అరవై ఒకటో బుట్ట

2022 మార్చి 24, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. రాస్ అల్ ఖైమా తీరంలోని ఒక చిన్న రేవులో, నేను చేపలు కొలిచే బల్ల మీద కాకినాడ పడవవాళ్లు ఒక బుట్టను బోర్లించారు. బుట్ట అంటే వెదురుది కాదు. ఇనుపతీగతో అల్లిన, నడుమెత్తు గుమ్మటం. చేప లోపలికి దూరడానికి దారి ఉంటుంది, బయటికి రావడానికి ఉండదు. అరబ్బులు దానిని గర్గూర్ అంటారు. అందులో నుంచి నలభై మూడు చేపలు జారి పడ్డాయి.

ముప్పై ఒకటి షేరి, పది సాఫీ, రెండు హమూర్. వాటిలో తొమ్మిదింటికి ఇంకా ప్రాణముంది. తీగకు రాసుకుని రాసుకుని వాటి మూతుల తోలు ఊడి ఎముక బయటపడింది. చచ్చినవాటి కళ్లను పీతలు తోడేశాయి. పెద్ద హమూర్ గొంతులో ఒక షేరి అడ్డంగా ఇరుక్కుని, రెండూ కలిసి చచ్చాయి. నేను కత్తి తీసుకుని షేరి పొట్టలు వరుసగా కోశాను. ముప్పై ఒకటిలో ఇరవై రెండింటి నిండా గుడ్లున్నాయి.

షేరి, సాఫీ చేపలు గుడ్లు పెట్టే మార్చి, ఏప్రిల్ నెలల్లో వాటిని పట్టడం, అమ్మడం ఇక్కడ నిషేధం. బుట్టలో ఏ చేప పడుతుందో ఎవరూ ఎంచుకోలేరు కనుక, ఆ రెండు నెలలూ రేవుకు ఎదురుగా నీటి అడుగున ఉన్న మా రాతిదిబ్బ మీద ఒక్క బుట్ట కూడా ఉండకూడదని, పడవలు కూడా దాని మీదికి వెళ్లకూడదని పడవల యజమాని నియమం పెట్టాడు. రెండు పడవలూ ఆయనవే. నియమం తప్పిన పడవ సరంగుకు, అంటే దానిని నడిపేవాడికి, వీసా రద్దు, తిరుగు విమానం. ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన వాడిన చివరి మాట ఖలాస్.

ఆ నియమం అమలైందో లేదో చూడడానికే నేను రేవులో ఉన్నాను. అంతకు ముందు ఇరవై ఆరేళ్లు అల్ ఖూజ్‌లో ఒక చేపల శీతల గోదాములో స్టోర్ కీపరుగా పనిచేశాను. 2020లో ఆ గోదాము మూతపడింది. అక్కడికి సరుకు తెచ్చే ఈ యజమాని నన్ను పిలిపించి, దించిన బుట్టలు, తీసిన బుట్టలు, చేపల పొడవు తేదీవారీగా రాయమన్నాడు. మనుషులు చెప్పిన దానిని నేను ఏనాడూ సాక్ష్యంగా తీసుకోలేదు. మా దిబ్బ మీద పుట్టిన చేపపిల్లలు ఒమన్ నీళ్లలోకి కొట్టుకుపోయి అక్కడ పెరుగుతాయని మత్స్యశాఖ తనిఖీ అధికారి చెబుతుండేవాడు. నేను కొలవలేదు కనుక దానిని నా పుస్తకంలో రాయలేదు.

దిబ్బ ఒకటి, పడవలు రెండు. ఒకదానిలో శ్రీకాకుళం తీరంవాళ్లు, రెండోదానిలో కాకినాడవాళ్లు. తమ ఊళ్లలో ఏరు సముద్రంలో కలిసే మొగల పంపకానికి వేసినట్టే, ఇక్కడా చీట్లు వేసుకుని నెలకొకరు వంతు తీసుకునేవారు. ఫిబ్రవరి వంతు శ్రీకాకుళం వారిది.

ఆ మార్చి ఉదయం కాకినాడ సరంగు బల్ల మీద రెండు చేతులూ ఆనించి అన్నాడు: “దిబ్బ అంచున ఏసిన మా లంగరుకి తగిలిందండి, మాస్టారూ. పైన తేలుడు బుడ్డి లేదు, గుర్తు లేదు. దొంగ బుట్టండి ఇది. ఫిబ్రవరిలో దిబ్బ ఎవరిదో మీ పుస్తకం చూసి చెప్పండి.”

శ్రీకాకుళం సరంగు పక్కనే తాడు పేనుకుంటున్నాడు. యాభై రెండేళ్లవాడు. ఈ నీళ్ల మీద పందొమ్మిదేళ్లున్నవాడు. తల ఎత్తకుండానే అందుకున్నాడు: “అంత సముద్రంలోన నీ లంగరుకే తగిలినాదేటి, బావా? దానికి కళ్లున్నాయేటి?”

“ఉన్నాయి. నీకు లేనివి దానికున్నాయి.”

రేవులో పది మంది నవ్వారు. నేను పుస్తకం తెరిచి చదివాను: “ఫిబ్రవరి 28. శ్రీకాకుళం పడవ. దించినవి అరవై. తీసినవి అరవై. మిగిలినవి లేవు.” అంతటితో ఆగి ఉండవలసింది. ఎవరూ అడగకపోయినా ఇంకో వాక్యం చేర్చాను: “కనుక ఈ బుట్ట వారిది కాదు.”

కాకినాడ సరంగు ముఖం నల్లబడింది. “అంటే ఏంటండి? మేమే ఏసుకుని, మేమే పైకి లాగి, మీ బల్ల మీదకి తెచ్చామంటారా?”

“నేను ఏమీ అనడం లేదు. అంకెలు అంటున్నాయి.”

“ఇన్నావు కదా,” అన్నాడు శ్రీకాకుళం సరంగు, ఇప్పుడు లేచి నిలబడి. “పుస్తకమే సెప్పీసినాది. దొంగ ఎవడో నీ పడవలోన ఎతుక్కో.”

కాకినాడ సరంగు బల్ల మీది హమూర్‌ను తోక పట్టుకుని అతని ముఖాన కొట్టాడు. చేప పగిలి లోపలి పేగులు అతని కళ్లలోకి, నోటిలోకి కారాయి. మరుక్షణం శ్రీకాకుళం సరంగు చేతిలో చేపలు పడవలోకి లాగే ఇనుప కొక్కెం ఉంది. అది కాకినాడ సరంగు ఎడమ బుగ్గలో దిగి, నోటిలో నుంచి కొస బయటికి వచ్చింది. కొక్కేన్ని వెనక్కు లాగినప్పుడు బుగ్గ పెదవిదాకా చీలింది. రెండు పళ్లు నా పుస్తకం మీద పడ్డాయి. తర్వాత రెండు పడవలవాళ్లూ కలబడ్డారు. తెడ్లు, గొలుసులు, ఐసు పగలగొట్టే ఇనుప ముల్లు. ఒకడిని బుట్ట తీగల మీదకు తోసి తొక్కారు. ఇంకొకడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగిన చప్పుడు నేను బల్ల వెనక నుంచి విన్నాను. నేల మీద చేప నెత్తురేదో మనిషి నెత్తురేదో తెలియలేదు. మొత్తం నాలుగు నిమిషాలు. పక్క రేవు నుంచి పాకిస్తానీ పడవవాళ్లు పరుగెత్తుకొచ్చి, నీటిగొట్టంతో జోరుగా నీళ్లు కొట్టి విడదీశారు.

గాయపడినవారు ముగ్గురు. కాకినాడ సరంగు బుగ్గకు పద్నాలుగు కుట్లు. ఆసుపత్రిలో అతను తడి మెట్ల మీద జారి కొక్కెం మీద పడ్డానని చెప్పాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి, కుట్లు కదలకుండా పళ్ల మధ్య నుంచి ఒక్కొక్క మాటే వదిలాడు: “పోలీసుకి చెప్తే ఆడు జైలుకి పోతాడండి. ఆడికి జైలు నాకెందుకండి. మీరు పుస్తకం సరిచెయ్యండి. రేపు తనిఖీ. అరవై అని ఉంటే దొంగ నేనవుతాను, ఇంటికి నేను పోతాను.”

అతను చెప్పింది నిజమే. దిబ్బ మీదికి వెళ్లే పడవలు రెండే. ఒకరు కాకపోతే మరొకరు.

నేను బుట్ట దగ్గర కూర్చుని ఒక్కొక్క తీగనే చూశాను. అడుగు తీగకు జానెడు గుడ్డపీలిక కట్టి ఉంది. సముద్రం దానిని ఉతికేసినా ముడి లోపల పసుపు మిగిలింది. దానిని విప్పి, ఐసు గదిలో కూర్చున్న శ్రీకాకుళం సరంగు దగ్గరికి వెళ్లాను. అతని పిడికిళ్లు వాచి ఉన్నాయి. పీలికను చూడగానే రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు.

“ఇది నీ బుట్టేనా?” అని అడిగాను.

“నాది కాదు, మాస్టారూ. అమ్మది. గంగమ్మది.”

“దించింది ఎవరు?”

“నానే. మా ఊరిలోన దించే బుట్టల్లో మొదటిది అమ్మ పేరున దించుతాం. దాన్ని నెక్కెట్టం. నెక్కెడితే మనదైపోతాది కదేటి. అందులో పడ్డ సేపని అమ్మడానికి నేదు, తినడానికి నేదు. రోజూ పొద్దున్నే తలుపు ఇప్పి సముద్రంలోకే ఒగ్గీడమే. కడుపుతో ఉన్నవి, పెద్దవి, ఏటి పడినా సరే.”

“ఫిబ్రవరి 28న అన్నీ తీశావు. దీనిని ఎందుకు తీయలేదు?”

“అమ్మ బుట్ట ఏడాది పొడుగునా నీళ్లలోనే ఉండాలి.”

“మరి పొద్దున్నే విప్పి వదలడం?”

“దిబ్బ మీదికి ఎల్లొద్దన్నారు కద. నిషేధం కద. నాను ఎల్లనేదు. ఒక్క రోజు కూడా ఎల్లనేదు, మాస్టారూ.”

అతను చెప్పిన ప్రతి ముక్కా నా పుస్తకంతో సరిపోయింది. మార్చి ఒకటి నుంచి ఆ పడవ దిబ్బ వైపు వెళ్లలేదు. చేపలను రక్షించడానికి దిబ్బ మీదికి వెళ్లొద్దన్న మాటను అతను అక్షరం తప్పకుండా పాటించాడు. చేపలను రక్షించే ఆచారాన్ని సగమే పాటించాడు. ఆ రెండింటి మధ్య ఇరవై నాలుగు రోజులు తలుపు తెరిచేవాడు లేక, ఒక చేప చావు ఇంకొక చేపకు ఎరగా మారి, బుట్ట తనంతట తానే చంపుతూ పోయింది. తప్పులో నా వాటా కూడా ఉంది. ఫిబ్రవరి 28న ఒడ్డుకు వచ్చిన బుట్టలు అరవై అని నేను లెక్కపెట్టాను. దించినవి అరవై అన్నది అతని నోటి మాట. దానిని నేను కొలిచిన అంకెలాగే, అదే సిరాతో రాశాను. ఆ అంకెను నమ్ముకునే అతను కొక్కెం ఎత్తాడు.

“పొద్దున నేను చదివినప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“అప్పుడు నాను బుట్టని సూస్తే కద. ఆడి మొకమే సూసినాను.” తర్వాత గొంతు తగ్గించాడు. “పుస్తకంలోన అరవయ్యే ఉంది కద, మాస్టారూ. అలాగే ఉంచీండి. నాకు ఈ సముద్రం తప్ప ఏటీ నేదు. యాబై రెండేళ్లోడికి మల్లీ ఎవుడు పడవిస్తాడు?”



మర్నాడు పది గంటలకు తనిఖీ అధికారి వచ్చాడు. యజమాని పక్కన నిలబడ్డాడు. బల్లకు ఒకవైపు శ్రీకాకుళం సరంగు, రెండోవైపు ముఖానికి కట్టుతో కాకినాడ సరంగు. నేను 28వ తేదీ పేజీ తెరిచి, ‘దించినవి’ గడిలో 60 కొట్టివేసి 61 రాసి, కింద తేదీ వేసి సంతకం చేశాను. గంగమ్మ సంగతి, తలుపు సంగతి, అతను ఒక్కరోజు కూడా దిబ్బ మీదికి వెళ్లలేదన్న సంగతి నాకు వచ్చిన ఉర్దూలో చెప్పాను. అధికారి శ్రద్ధగా విన్నాడు. పొట్టలో గుడ్లున్న ఇరవై రెండు చేపల ఫోటోలు అడిగి తీసుకున్నాడు. యజమాని వినలేదు. ఆయన అడిగింది ఒక్కటే, బుట్ట ఎవరు దించారని. శ్రీకాకుళం సరంగు తానేనన్నాడు.

మార్చి 30న విమానాశ్రయానికి వ్యాను వచ్చింది. శ్రీకాకుళం సరంగు తన పెట్టె లోపల పెట్టి, మళ్లీ దిగి, నా బల్ల దగ్గరికి నడిచి వచ్చాడు. చెయ్యి కలపడానికి వస్తున్నాడనుకుని లేచాను. పిడికిలితో నా దవడ మీద కొట్టాడు. నేను కుర్చీతో సహా వెనక్కు పడ్డాను. నోరు నెత్తురుతో నిండింది. నా కింది పన్ను ఒకటి నాలుక మీదికి వచ్చింది. అతను వంగి, నా చొక్కా పట్టుకుని, మెల్లగా అన్నాడు: “ఇది ఒకటి. రాసుకోండి, మాస్టారూ.”

అతన్ని పట్టుకుని వెనక్కు లాగింది కాకినాడ సరంగు. “చాల్లేవయ్యా, పద,” అంటూ తానే వ్యాను దాకా నడిపించి, తలుపు వేసి వచ్చాడు. ఆ పెనుగులాటలో అతని బుగ్గ మీద రెండు కుట్లు తెగాయి. పదకొండు గంటల ఇరవై నిమిషాలకు వ్యాను కదిలింది.

మే ఒకటిన దిబ్బ తెరిచారు. వంతు చీటీలో శ్రీకాకుళం పడవ పేరే వచ్చింది. దానికి సరంగు లేడు. ఆ నెలంతా పడవ ఒడ్డునే ఉంది.