మైపాడు ఇసుకలో ఎవరిదో కుండ

మైపాడు తీరంలో అలలు కోసేసిన ఇసుక గట్టు కింద నా కొడుకు తవ్వుతున్నాడు. వాడు ఇవతలికి విసిరినవి నా కూతురు ఏరుకుంటోంది. వాడి నెత్తి మీద ఇసుక సన్నగా రాలడం చూడగానే కేకేశాను. చేపలు ఎండబెడుతున్న ఒకామె పరుగున వచ్చి వాణ్ణి ఇవతలికి లాగింది. వెనకే గట్టు కూలింది.

"ఏందమ్మా, పిలకాయల్ని ఇట్టానా వదిలేసేది? మీ ఊళ్ళో ఇసక దొరకదా ఏంది?" అని కసిరింది. వాడి గుప్పెట్లో ఎర్రటి కుండపెంకులు చూసి మెత్తబడింది.

"ఈడ ఎనకటోళ్ళ ఊరుండింది. ఎవురో మా అవ్వక్కూడా తెలవదు. వాళ్ళ సామాను మేం ఇళ్ళకి తీసకపోం. ఆ కుండ పెట్టుకున్న ఇల్లాలు ఎతుక్కుంటాది గదా! ఈడే పూడ్చిపెట్టు నాయనా."

వాడు పూడ్చిపెట్టాడు. నేను ఆమెకు దండం పెట్టాను. కంగారులో పేరైనా అడగలేదు.

హైదరాబాద్ చేరి సంచి సర్దుతుంటే కూతురి గౌను జేబులో ఒక పెంకు దొరికింది. దాని అంచున, మట్టి పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో నొక్కిన వేలిగుర్తు ఉంది. ఆ గట్టు ఈపాటికి సముద్రంలో కలిసిపోయి ఉంటుంది. తిరిగి ఎక్కడ పెట్టాలో తెలియక రాత్రంతా నిద్రపట్టలేదు.

పొద్దున పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: "ఇది మనకు దొరికింది కాదు. ఒకావిడ ఇంట్లోది, మనం తెచ్చేశాం."