పాత ఉప్పు చీటీ

సూరత్‌లోని భేస్తాన్‌లో మగ్గాల కార్ఖానాల వెనక గల్లీలోకి వెళ్లి కనకవ్వ మెస్సెక్కడని అడిగితే, చెప్పేవాడు చెయ్యి చూపించి ఊరుకోడు, మీకంటే ముందు నడుస్తాడు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, పెళ్లాం పిల్లలను ఊళ్లో ఉంచి పవర్‌లూమ్‌లు నడిపే మగవాళ్లంతా షిఫ్టు ఎక్కే ముందో దిగాకో ఆమె గుమ్మం తొక్కాల్సిందే. రెండు గదులు, ముందు రేకుల పంచ, నేల మీద పొడుగ్గా పరిచిన పట్టాలు. అక్కడ కూర్చుని పుంటికూర పప్పులో అన్నం కలుపుకున్నవాడికి కాసేపు సూరత్ గుర్తుండేది కాదు.

కనకవ్వ భర్త సోమలింగం ఏళ్ల తరబడి మగ్గాల మోతలో నిలబడి చెవులు మందగించిన మనిషి. ఇప్పుడు మార్కెట్టుకు వెళ్లి కూరగాయలు తేవడం, పట్టాలు దులపడం ఆయన పని. ఏం చెప్పినా నవ్వుతూ తలూపేవాడు. ఆ తలూపడంలో విన్నదెంతో విననిదెంతో కనకవ్వకు కూడా తెలిసేది కాదు.

ఒక ఆదివారం సింధూజ వచ్చింది. అదే గల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ల నాన్నా మగ్గం మనిషే. నర్సింగ్ చదివి, ఒక కాలేజీవాళ్లు చేస్తున్న ఆరోగ్య పరిశోధనలో నర్సుగా చేరింది. పంచలో బల్ల వేసి, వచ్చినవాళ్లందరికీ బీపీ చూసింది. చాలామందికి ఎక్కువే ఉంది. సోమలింగానిది చూసి మాత్రం ఆమె ముఖం మారింది. పట్టీ విప్పి మళ్లీ కట్టి చూసింది.

"పెద్దమ్మా, పెదనాయనను రేపే దవాఖానాకు తోల్కపో. గోలీలు మొదలుపెట్టాలె."

"గంత ఎక్కువనా? మంచిగనే తిరుగుతున్నడు గదనే!"

"బీపీ గట్లనే ఉంటది. మనిషి మంచిగనే తిరుగుతడు, లోపల నడిచేది నడుస్తనే ఉంటది."

కనకవ్వ మర్నాడే తీసుకెళ్లింది. మాత్రలు మొదలయ్యాయి. డాక్టరు ఉప్పు కూడా తగ్గించమన్నాడు.

ఆ వారంలోనే సింధూజ పరిశోధన సంగతి చెప్పింది. కొత్త రకం ఉప్పు ఒకటుంది. మామూలు ఉప్పులో బీపీని పెంచే సోడియం కొంత తీసి, దాని బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పడదు కాబట్టి ముందు రక్తం పరీక్ష చేస్తారు. భేస్తాన్‌లోని మెస్సుల్లో సగం ఈ ఉప్పుతో వండాలి, సగం ఎప్పటిలాగే వండాలి. ఏడాది తర్వాత రెండు వైపుల బీపీలను పోల్చి చూస్తారు. ఎవరు ఏ వైపన్నది చీటీలు తీసి తేలుస్తారు. అటైనా ఇటైనా బీపీ ఉన్నవాళ్లకు మందులు ఆగవు. ఏడాది గడిచాక కొత్త ఉప్పు అందరికీ ఇస్తారు.

సింధూజ తెలుగులో మొదలుపెట్టి, హిందీలోకి వెళ్లి, కాలేజీలో నేర్చుకున్న మాటలతో ముగించింది. కనకవ్వ చెవిన గట్టిగా పడ్డది 'చీటీ' అన్న మాటొక్కటే. ఇంకో సంగతి కూడా పడింది. పక్క గల్లీలో మెస్సు నడిపే నర్సవ్వ అప్పటికే ఒప్పుకుందట.

నర్సవ్వ వరసకు వదినె. ఎవరి పచ్చిపులుసు గొప్పదన్న దాని మీద ఇద్దరికీ పడేది కాదు.

"వదినె ఉంటే నేనెందుకుండ? నా పేరు రాయి," అంది కనకవ్వ.

చీటీల రోజున చుట్టుపక్కల వంట చేసే ఆడవాళ్లంతా చేరారు. కొత్త ఉప్పు నర్సవ్వకు పడింది, పాత ఉప్పు కనకవ్వకు. నర్సవ్వ ఉప్పు సంచులను ఆటోలో ఎక్కించుకుని పెళ్లికూతురిలా వెళ్లింది. కనకవ్వ ఖాళీ చేతులతో ఇంటికి నడిచింది.

"నా వంటల ఏం తక్కువైందే? నన్నెందుకు ఇడిసిపెట్టిండ్రు?" అని సింధూజను నిలదీసింది.

"ఇడిసిపెట్టలే పెద్దమ్మా! నువ్వు ఎప్పటి లెక్కనే వండితెనే గదా, వాళ్లకు ఫరక్ పడ్డదో లేదో తెలిసేది. నువ్వు లేకుంటే ఈ పనే కాదు."

ఆ మాట కనకవ్వకు ఒట్టి బుజ్జగింపులా వినిపించింది. పైగా వంట దగ్గర కూర్చున్నప్పుడల్లా సోమలింగం ముఖమే కళ్లలో మెదిలేది. ఆ నర్సవ్వ ఇంట్లో తినేవాళ్లు బాగుపడతారు, నా వాళ్లు మాత్రం ఉన్నచోటనే ఉంటారా అనుకుంది. ఎవరికీ చెప్పకుండా ఉప్పు తగ్గించడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా కాదు. ఇవాళ ఇంత, వచ్చే వారం ఇంకొంత. తగ్గించిన చోట చింతపండు పెంచింది, ఎల్లిపాయ దంచి వేసింది, వేయించిన నువ్వుల పొడి చల్లింది. తినేవాళ్లు పసిగట్టలేదు సరికదా, "అక్కా, ఈమధ్య కూర జోరున్నది" అన్నారు.

ఒక్క ఓంప్రకాష్‌కే అనుమానం వచ్చింది. జగిత్యాల కుర్రాడు, నాలుక మహా చురుకు. నాలుగు రోజులు చూసి, ఐదో రోజు జేబులో చిన్న ఉప్పు పొట్లం పెట్టుకుని వచ్చాడు. కనకవ్వ అటు తిరగగానే చల్లుకునేవాడు.

కొన్ని నెలలకు పరీక్షలు వచ్చాయి. ఒంట్లోకి ఎంత ఉప్పు పోతోందో తెలియాలంటే ఒక రోజంతా పోసిన మూత్రం డబ్బాలో పట్టి ఇవ్వాలట. ఆ మాటకే మెస్సంతా పడీపడీ నవ్వింది. ఓంప్రకాష్ తన డబ్బాను సంచిలో పెట్టుకుని కార్ఖానాకు వెళ్తే, మగ్గాలకు పోసే నూనె అనుకుని, పని చూసే మేస్త్రీ ముకద్దం అందుకోబోయాడు. "సేఠ్, ఓ తేల్ నహీఁ హై!" అని వాడు పెట్టిన కేకకు మగ్గాల మోత కూడా చిన్నబోయిందని చెప్పుకున్నారు.

ఫలితాలు చూసి సింధూజ పరుగెత్తుకుంటూ వచ్చింది. వంటగదిలో కనకవ్వ పక్కన చతికిలబడింది.

"పెద్దమ్మా, పాత ఉప్పు మెస్సులన్నీ ఉన్నకాడనే ఉన్నయి. నీ మెస్సుల ఉప్పు సగానికి దగ్గర దిగింది. ఒక్క ఓంప్రకాష్‌దే ఆకాశంల ఉన్నది. ఏం జేసినవ్?"

కనకవ్వ పొయ్యి మంట తగ్గించింది.

"నేనే తగ్గించిన. మీ పెదనాయన ముఖం చూసుకుంట ఉప్పు ఎట్ల పోయాలె చెప్పు? నువ్వే ఎక్కువున్నదంటివి."

సింధూజ చేతిలోని కాగితాలు మడిచింది. మెల్లగా అంది. "తగ్గించుడు తప్పు గాదు. నాకు చెప్పకుంట తగ్గించినవ్ చూడు, అదే కష్టం. ఇప్పుడు మేడమ్ నన్నడుగుతది. అసలు నేనే నీకు సక్కగ చెప్పలే. చీటీ తగలనోళ్ల పానం ఎట్లుంటదో ఒక్కనాడన్న అడగలే."

పిల్ల కళ్లల్లో నీళ్లు తిరగడం చూశాక కనకవ్వకు ఆ రోజు వంట మీద మనసు నిలవలేదు. గరిటె సోమలింగం చేతికిచ్చి, చీర మార్చుకుని, సింధూజకు చెప్పకుండా పరిశోధన ఆఫీసుకు వెళ్లింది. పెద్ద డాక్టరు ఊర్మిళ గుజరాతీ ఆమె. కనకవ్వ తనకొచ్చిన హిందీనంతా కూడగట్టుకుంది.

"మేడమ్, నమక్ మై కమ్ కియా. లడ్కీ కా గల్తీ నహీఁ."

ఊర్మిళ ముందు తెల్లబోయింది, తర్వాత కుర్చీ చూపించింది. సంగతంతా విని నవ్వింది. ఇలాంటివి జరుగుతాయని, జరిగింది జరిగినట్టే రాసుకుంటామని చెప్పింది. చీటీ ఏ వైపు పడితే ఆ మెస్సు లెక్క చివరిదాకా ఆ వైపే ఉంటుందని, కనకవ్వను తీసెయ్యరని కూడా చెప్పింది. భర్తకు ఉప్పు తగ్గించడం మానొద్దని, ఇకనుంచి ఏం మార్చినా ఆ రోజే సింధూజ చెవిన వెయ్యమని కోరింది. టీ తెప్పించి, నువ్వుల పొడి ఎలా చేస్తావని అడిగింది.

తిరిగి వచ్చేసరికి మెస్సులో గోల. సోమలింగం పప్పులో ఉప్పే వెయ్యలేదు. ఓంప్రకాష్ జేబులోని పొట్లం పట్టా అంతా తిరుగుతోంది. కనకవ్వ దాన్ని లాక్కుని, వాడి నెత్తి మీద ఒక్కటి వేసి, అందరి ముందూ ఉన్న సంగతి చెప్పేసింది. నెలల తరబడి తిన్నది తక్కువ ఉప్పు కూడేనని తెలిసి వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పటి కూరే ఇష్టమన్నారు చాలామంది. ఓంప్రకాష్ మాత్రం కంచం వంక చూస్తూ కూర్చున్నాడు.

ఏడాది నిండాక తెలుగువాళ్ల సమాజ్ హాల్లో అందరినీ కూర్చోబెట్టి ఫలితాలు చెప్పారు. కొత్త ఉప్పు తిన్నవాళ్ల బీపీ బాగా తగ్గింది, నర్సవ్వ మెస్సు అందులో ముందుంది. పాత ఉప్పు వైపు పెద్ద తేడా లేదు, ఒక్క కనకవ్వ మెస్సులో తప్ప. సోమలింగం బీపీ అదుపులోకొచ్చింది. ఆయన పేరు పిలిచి ఆ మాట చెబితే ఎప్పటిలాగే నవ్వుతూ తలూపాడు. కనకవ్వ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మళ్లీ అరిచింది. ఈసారి ఆయన గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయన్ని చూసి హాలంతా కొట్టింది.

మాట ప్రకారం కనకవ్వకూ కొత్త ఉప్పు వచ్చింది. మొదటి రోజు మజ్జిగలో వేస్తే ఏదో చిరుచేదు తగిలింది. రెండు రోజులు తనలో తాను గొణుక్కుని, మూడో రోజు పక్క గల్లీకి నడిచింది.

"వదినె, నీకు చేదు రాలేదా?"

నర్సవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "రాకేమాయె? మజ్జిగల జర జీలకర్ర ఏంచి వెయ్యి. లోపలికి రా, చూపిస్త."

కనకవ్వ ఆ ఇంట్లోకి వెళ్లడం పదేళ్లలో అదే మొదటిసారి. పచ్చిపులుసు సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఖటోదరా మిల్లుల దగ్గరి మెస్సుల్లో ఈ పని మొదలవుతోంది. అక్కడి ఆడవాళ్లతో మాట్లాడడానికి సింధూజ ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్తోంది. మొన్న ఆటోలో నర్సవ్వ చివర కూర్చుంటానంటే, కనకవ్వ ఆ చోటు ఇవ్వనంది. అక్కడికి చేరాక ముందు కనకవ్వే లేచింది. చీర కొంగు నడుముకు దోపుకుని, "మీకు పాత ఉప్పు చీటీ వచ్చిందనుకోండ్రి, నేను జేసిన పని జెయ్యకుండ్రి, ముందుగాల ఈ పిల్లకు చెప్పుండ్రి" అంటూ తన దొంగ వంట కథ మొదటినుంచి చెప్పింది. డబ్బా సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నర్సవ్వ ఆగలేకపోయింది.

"ఆగాగు, ముకద్దం ముచ్చట నేను చెప్త!" అంటూ లేచి నిలబడింది.