చీర మీద కొలిచిన నడుము

నా తెలివి మా చెల్లెల్ని ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో చెబుతా, వినండి. ఆసుపత్రి మంచం దాకా!

ఒంట్లో కొవ్వెంతుందో టేపుతో తెలుసుకోవచ్చని ఈమధ్యే ఫోన్లో చూసి నేర్చుకున్నా. చాలా సులువు. మెడ, నడుము, తుంటి చుట్టుకొలతలు తీసి, ఎత్తుతో కలిపి ఫోన్లో కొట్టాలి. అర్థమయ్యేలా చెప్పాలంటే, మెడ సన్నగా ఉండి నడుము లావుగా ఉంటే కొవ్వు ఎక్కువన్నమాట. నందిగామలో మా వీధి ఆడవాళ్ళందర్నీ కొలిచేశా. చీర మీదే లెండి. కొలత కోసం చీర విప్పమంటే ఎవరు ఊరుకుంటారు?

ఆ ఊపులోనే బస్సెక్కి జగ్గయ్యపేటలో ఉన్న మా చెల్లెలు సుశీల దగ్గరికి వెళ్ళా. మరిదిగారు పోయి ఇంకా ఏడాది కాలేదు. ఒక్కతే ఉంటోంది. ముఖం పీక్కుపోయింది. అది కళ్ళారా చూసి కూడా టేపునే నమ్మా. మెడ చూస్తే పిడికిట్లో పట్టేలా ఉంది, నడుము చూస్తే నా అంత. కొవ్వు బాగా ఎక్కువని ఫోను తేల్చేసింది. రాత్రిపూట అన్నం మానేసి ఒక్క పుల్కాతో సరిపెట్టుకోమని, ఎందుకో కూడా వివరించి మరీ చెప్పా. అలాగే అక్కయ్యా అంది. చిన్నప్పట్నుంచీ అంతే, నేను చెబితే ఎదురు చెప్పదు.

మొన్న వాళ్ళ పక్కింటి షకీలా ఫోను చేసింది. సుశీల వాకిట్లో కళ్ళు తిరిగి పడిపోయిందట, ఆటోలో తనే ఆసుపత్రికి తీసుకెళ్ళిందట. నేను వెళ్ళేసరికి సెలైను ఎక్కుతోంది. మట్టి కొట్టుకున్న చీర మారుద్దామని చూస్తే, లోపల రెండు లంగాలు. వాటి మీద మడతలు పెట్టి చుట్టిన తువ్వాలు.

"ఇదేంటే?"

"చిక్కిపోయా కదక్కయ్యా. చీర నిలబడ్డం లేదు."

"మరి నేను కొలిచేటప్పుడు చెప్పొద్దూ?"

గోడవైపు తిరిగింది. "నువ్వు టేపు చుడుతుంటే హాయిగా అనిపించింది. ఆయన పోయాక నన్ను ముట్టుకున్నదెవరు?"

నడుము చుట్టూ చెయ్యేసి దగ్గరికి తీసుకున్నా. ఒక్క చెయ్యి సరిపోయింది.

అంతలో డాక్టరమ్మ వచ్చింది. ఇంత నీరసంగా ఉన్న మనిషిని రాత్రి అన్నం మానమన్నదెవరని అడిగింది. నేను నోరు తెరిచేలోపే సుశీల, "మా అక్కయ్యండి. టీచరుగా చేసి రిటైరైంది" అంది, ఎంతో గొప్పగా.

డాక్టరమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఏం సబ్జెక్టండీ?"

"లెక్కలండి" అన్నా.